కాఫీ అదే, కప్పు అదే.. మరి ఆ రాత్రి నాకెందుకు గుండె దడ? మొక్కల ఆల్కలాయిడ్స్ మన ఒంట్లో తిరిగే దారి

వీడియో చూసే టైం లేనివాళ్ళ కోసం, బస్సెక్కాక ఇయర్‌ఫోన్స్ మర్చిపోయామని గుర్తొచ్చినవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్ మొత్తం టెక్స్ట్‌గా ఇక్కడ పెడుతున్నా. మాట్లాడినదాన్ని కొంచెం సర్ది రాశా, అంతే.

ముందు నాకు జరిగింది ఒకటి చెప్తా. నేను ఇంకా కోడ్ రాసుకుంటూ బతుకుతున్న రోజులు. రాత్రి పదకొండుకి రిలీజ్ ఉంటే ఎనిమిదింటికి ఒక కాఫీ, పదింటికి ఇంకో కాఫీ. రోజుకి నాలుగు మామూలే, అయిదేళ్ళుగా అదే లెక్క, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఒక రోజు రాత్రి ఒంటిగంటన్నరకి పడుకుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. వాచ్‌లో చూస్తే పల్స్ 118. అప్పటికి నాకు ఇరవై ఆరు. ఆ వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళ వార్తలు వారానికి ఒకటి ఫోన్లో చూస్తూనే ఉంటాం కదా, ఇంక నా తల ఎటు పోయిందో మీరే ఊహించుకోండి. రూమ్మేట్‌ని లేపి బండి మీద దగ్గర్లో ఉన్న హాస్పిటల్ క్యాజువాలిటీకి వెళ్ళా.

ఈసీజీ తీశారు, నార్మల్. డ్యూటీ డాక్టర్ మేడం రెండే ప్రశ్నలు అడిగారు. "ఏమైనా టాబ్లెట్లు వాడుతున్నావా బాబూ?" యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి మూడు రోజులుగా సిప్రోఫ్లోక్సాసిన్ వాడుతున్నా, అదే చెప్పా. "రోజుకి కాఫీలు ఎన్ని?" నాలుగు అన్నా. ఆవిడ నవ్వి, "కోర్సు అయ్యేదాకా కాఫీ మానెయ్, టాబ్లెట్ మాత్రం మానొద్దు" అన్నారు. అంతే. గుండెపోటు కాదు, కాఫీ పోటు!

కానీ నాకు అర్థంకానిది ఒకటి మిగిలిపోయింది. కాఫీ అదే, పొడి అదే, కప్పు అదే. మూడు రోజుల్లో మారిందల్లా ఒక యాంటీబయాటిక్. అది బ్యాక్టీరియాని చంపడానికి కదా, నా కాఫీతో దానికేం పని? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న గురించే. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివినవాణ్ణి. కాబట్టి దీన్ని ప్రిస్క్రిప్షన్‌లా తీసుకోకండి, ఒళ్ళు ఎలా పనిచేస్తుందో తెలుసుకోడానికి చదవండి.

కాఫీలో ఉండే కెఫీన్ ఒక ఆల్కలాయిడ్. ఈ పేరు కెమిస్ట్రీ క్లాసులో విని అక్కడే వదిలేసి వచ్చాం మనలో చాలామంది. సింపుల్‌గా చెప్పాలంటే, మొక్కలు తయారుచేసుకునే, నైట్రోజన్ ఉండే పదార్థాల కుటుంబం ఇది. వీటిలో చాలావాటికి క్షార గుణం ఉంటుంది. కాఫీ గింజలో కెఫీన్, పొగాకులో నికోటిన్, నల్లమందులో మార్ఫిన్, కోడీన్, సింకోనా బెరడులో క్వినైన్, ఉమ్మెత్తలో అట్రోపిన్, వక్కలో అరెకోలిన్, మన మిరియాల్లో పైపరిన్. అన్నీ ఈ కుటుంబమే. మొక్క పారిపోలేదు, చేత్తో కొట్టలేదు. తనని తినడానికి వచ్చే పురుగుని ఆపడానికి దానికున్న ఆయుధం ఇదే. అంటే పురుగు నరాల మీద పనిచేయడానికి పుట్టిన సరుకు. మన నరాలు కూడా చాలావరకు అలాంటి సిగ్నల్స్ మీదే నడుస్తాయి కాబట్టి మన మీదా పనిచేస్తుంది.

చిన్న కథ ఒకటి. 1819లో ఫ్రీడ్‌లీబ్ రూంగె అనే కుర్ర జర్మన్ కెమిస్ట్, బెల్లడోనా అనే మొక్క రసం వేస్తే పిల్లి కంటిపాప ఎలా పెద్దదవుతుందో గోథేకి చూపించాడు. అవును, ఆ గొప్ప రచయిత గోథేనే. ఆయనకి ముచ్చటేసి కొన్ని కాఫీ గింజలు చేతిలో పెట్టి, వీటిని కూడా చూడవయ్యా అన్నాడు. రూంగె వాటిలోంచి కెఫీన్ విడదీశాడు. పిల్లి కంట్లో పనిచేసిన బెల్లడోనా సరుకూ ఉమ్మెత్త సరుకూ ఒకే జాతి. దాని దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇప్పుడు మీరు సాయంత్రం అయిదింటికి ఒక కాఫీ తాగారు అనుకోండి. లోపల ఏం జరుగుతుందో వెంటే వెళ్ళి చూద్దాం.

కాఫీ కడుపులోకి దిగుతుంది, అక్కణ్ణించి చిన్నపేగుకి. పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్ళడం కెఫీన్‌కి చాలా ఈజీ, దాదాపు మొత్తం ముప్పావుగంటలో లోపలికి వెళ్ళిపోతుంది. ఎందుకంటే అది నీళ్ళలోనూ కలుస్తుంది, కొవ్వు పొరల్లోంచీ దూరుతుంది. రెండు భాషలూ వచ్చినవాడు ఎక్కడైనా బతికినట్టు.

పేగు నుంచి బయల్దేరిన రక్తం నేరుగా గుండెకి పోదు, ముందు లివర్‌కి వెళ్తుంది. ఒళ్ళంతా తిరగడానికి ముందే లివర్ ఒకసారి చెక్ చేస్తుంది. టోల్ గేట్ లాంటిది. కొన్ని ఆల్కలాయిడ్స్‌కి ఈ గేట్ దగ్గరే భారీగా కోత పడుతుంది. నోటితో తీసుకున్న మార్ఫిన్‌లో చాలా భాగం ఇక్కడే మారిపోతుంది, అందుకే టాబ్లెట్ డోసు ఇంజెక్షన్ డోసు కన్నా బాగా ఎక్కువ ఇస్తారు. మింగిన నికోటిన్‌కీ ఇదే గతి. కెఫీన్ మాత్రం మొదటి రౌండ్‌లో పెద్దగా నష్టపోకుండా గేట్ దాటేస్తుంది.

దాటాక, ఒంట్లో నీరు ఎక్కడెక్కడ ఉందో అక్కడికల్లా పాకుతుంది. కండరం, లాలాజలం, తల్లిపాలు, కడుపులో బిడ్డ ఉంటే బిడ్డ రక్తం. మెదడుకి మాత్రం ఒక ప్రత్యేకమైన అడ్డుగోడ ఉంటుంది, రక్తంలో ఉన్న ప్రతిదాన్నీ రానివ్వదు. కెఫీన్‌ని రానిస్తుంది. లోపల అడినోసిన్ అనే పదార్థం పొద్దుటి నుంచి పోగవుతూ "ఇంక పడుకో" అని చెప్తుంటుంది. ఆ మాట వినే రిసెప్టర్‌లో కెఫీన్ వెళ్ళి కూర్చుంటుంది. గమనించండి, కెఫీన్ మీకు శక్తి ఇవ్వట్లేదు. అలసట మెసేజ్‌ని మ్యూట్ చేస్తోంది, అంతే. అలసట అలాగే ఉంటుంది.

ఇక బయటికి పోవడం. చాలామంది అనుకునేది, యూరిన్‌లో పోతుందిలే, నీళ్ళు ఎక్కువ తాగితే త్వరగా దిగిపోతుంది అని. అలా జరగదు. కెఫీన్ కెఫీన్‌లాగే యూరిన్‌లో పోయేది నూటికి మూడు వంతుల లోపే. కిడ్నీ దాన్ని వడగట్టినా, అది మళ్ళీ రక్తంలోకి దూరి వచ్చేస్తుంది. బయటికి పోవాలంటే ముందు దాని రూపం మారాలి. మార్చేది లివర్‌లోని ఎంజైమ్‌లు. మందులూ విషాలూ మార్చే పనిలో ఎక్కువ భాగం చూసే ఎంజైమ్‌ల కుటుంబం పేరు సైటోక్రోమ్ పీ450, మనిషిలో దీనికి 57 జీన్‌లు ఉన్నాయి. ఆ 57లో కెఫీన్ పని దాదాపు మొత్తం ఒక్కదాని నెత్తిన పడింది. దాని పేరు సిప్-1ఏ2. పాస్‌వర్డ్‌లా ఉంది కదా పేరు, కానీ గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే.

ఈ ఎంజైమ్ కెఫీన్‌కున్న మూడు చిన్న గుంపుల్లోంచి ఒకదాన్ని కత్తిరిస్తుంది. ఎక్కువసార్లు, అంటే నూటికి ఎనభై వంతులు, పారాజాంథీన్ వస్తుంది. కొంచెం థియోబ్రోమిన్ (చాక్లెట్‌లో ఉండేది ఇదే), ఇంకా కొంచెం థియోఫిలిన్ (ఆస్తమాకి మందుగా వాడేది). విచిత్రం ఏంటంటే పారాజాంథీన్ కూడా నిద్ర ఆపేదే. అంటే మొదటి కోత పడగానే కథ అయిపోలేదు, ఇంకా కొన్ని కోతలు పడ్డాకే యూరిన్ దారి పడుతుంది.

ఇప్పుడు లెక్క. రక్తంలో ఉన్న కెఫీన్ సగానికి తగ్గడానికి పట్టే టైంని హాఫ్ లైఫ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఇది సగటున 5 గంటలు. ఈ "సగటు" అనే మాట దగ్గరే మనందరం మోసపోతాం. ఎందుకంటే మనిషిని బట్టి ఇది గంటన్నర నుంచి తొమ్మిదిన్నర గంటల దాకా ఉంటుంది. సాయంత్రం అయిదింటికి 100 మిల్లీగ్రాములు తీసుకున్నారు అనుకోండి, ఒక గట్టి ఫిల్టర్ కాఫీ అనుకోవచ్చు. సగటు మనిషిలో రాత్రి పదింటికి 50, తెల్లవారుజామున మూడింటికి 25. హాఫ్ లైఫ్ రెండున్నర గంటలున్న మనిషిలో పదింటికి 25, మూడింటికి 6. అదే పది గంటలకి జారిపోయినవాళ్ళలో పదింటికి 70, మూడింటికి 50. అంటే అర్ధరాత్రి దాటాక మూడింటికి, మొదటి మనిషి పడుకోబోయే టైంలో ఎంత ఉందో అంత. పైగా మర్నాడు సాయంత్రం కాఫీ పట్టుకునేసరికి నిన్నటిది ఇంకా 19 మిల్లీగ్రాములు మిగిలే ఉంటుంది. దాని మీద ఈరోజుది. బాకీ మీద బాకీ.

ఇప్పుడు నా కథకి రండి. సిప్రోఫ్లోక్సాసిన్‌కి ఉన్న ఒక పక్క అలవాటు, ఈ సిప్-1ఏ2 ఎంజైమ్‌ని అడ్డుకోవడం. యాంటీబయాటిక్ పనికీ దీనికీ సంబంధం లేదు, అది ఆ మాలిక్యూల్ ఆకారం చేసుకున్న దురదృష్టం. నేను రోజూ పోసే నాలుగు కాఫీలు అవే, కింద డ్రెయిన్ మాత్రం సగం మూసుకుపోయింది. మూడు రోజులు నీళ్ళు నిండితే ఏమవుతుంది? పల్స్ 118 అవుతుంది. డిప్రెషన్, ఓసీడీకి ఇచ్చే ఫ్లూవోక్సమిన్ అనే మందు ఇంకా గట్టిది, దానితో కెఫీన్ హాఫ్ లైఫ్ 5 గంటల నుంచి 30 గంటల దాకా వెళ్ళిన రికార్డు ఉంది. ఇక గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిలకి కెఫీన్ హాఫ్ లైఫ్ సుమారు రెట్టింపవుతుంది. ఈ సంగతి వాళ్ళలో ఎంతమందికి ఎవరైనా చెప్పారో? నాకు తెలిసిన ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు.

దీనికి రివర్స్ కేసు నా ఫ్రెండ్‌ది. రోజుకి పది సిగరెట్లు కాల్చేవాడు, ఉగాదికి మానేశాడు. వారం తిరక్కుండానే నిద్ర లేదు, చేతులు వణుకు, ప్రతిదానికీ చిరాకు. "నా వల్ల కాదురా, నికోటిన్ లేకపోతే ఒళ్ళు ఒప్పుకోవట్లేదు" అని మళ్ళీ మొదలెట్టాడు. వాడికి నికోటిన్ లోటు ఉన్నమాట నిజమే. కానీ సగం తప్పు కాఫీది అయ్యుంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. ఎందుకంటే సిగరెట్ పొగలో, నికోటిన్‌లో కాదు, కాలిన పొగలో ఉండే మసి లాంటి రసాయనాలు సిప్-1ఏ2ని ఎక్కువ తయారుచేయమని లివర్‌కి చెప్తాయి. పొగ తాగేవాళ్ళ కెఫీన్ హాఫ్ లైఫ్ మామూలువాళ్ళ కన్నా బాగా తక్కువ. వాళ్ళు ఆరు కాఫీలు తాగినా నిద్రపోవడానికి కారణం అదే. సిగరెట్ ఆపిన కొద్ది రోజులకే ఎంజైమ్ మామూలు స్థాయికి పడిపోతుంది. కాఫీలు మాత్రం ఆరే నడుస్తుంటాయి. రక్తంలో కెఫీన్ రెట్టింపు దాకా పెరగొచ్చు. నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా ఈ ఎంజైమ్ విషయంలో తేడా రాదు, ప్యాచ్‌లో పొగ లేదుగా. కాబట్టి మీలో ఎవరైనా సిగరెట్ మానేస్తుంటే, అదే వారం కాఫీ సగం చేసి చూడండి. వాడికి ఈ మాట లేటుగా చెప్పా, రెండోసారి మానేటప్పుడు పాటించాడు. ఇప్పటికి ఏడు నెలలు.

ఇందులో కాఫీ కన్నా సీరియస్ విషయం ఒకటుంది. క్లోజపిన్, ఒలాంజపిన్ అనే మానసిక వ్యాధుల మందులు కూడా ఇదే ఎంజైమ్ దారిలో పోతాయి. ఇంట్లో అవి వాడేవాళ్ళు ఉండి, వాళ్ళు సడెన్‌గా బీడీ, సిగరెట్ ఆపితే మందు రక్తంలో పేరుకుపోతుంది. మానడం మంచిదే. డాక్టర్‌కి చెప్పి మానాలి, డోసు సరిచేస్తారు.

మా అక్క ప్రెగ్నెంట్‌గా ఉన్నప్పుడు ఏడో నెలలో మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ రెండు కాఫీలు తాగే మనిషి. సాయంత్రం ఒక్కటి తాగినా తెల్లార్లూ ఫ్యాన్ చూస్తూ ఉండేది. అమ్మ ఏమో "కడుపుతో ఉంటే అంతేలే, ఏడో నెల కదా" అనేది. అమ్మ మాటా కరెక్టే, పొట్ట బరువుకీ నిద్ర రాదు. కానీ లోపల ఇంకోటి నడుస్తోంది. గర్భంలో నెలలు పెరిగేకొద్దీ సిప్-1ఏ2 నెమ్మదిస్తుంది, చివరి మూడు నెలల్లో కెఫీన్ హాఫ్ లైఫ్ 15 గంటల దాకా పోతుంది. కెఫీన్ మాయ దాటి బిడ్డకి చేరుతుంది, బిడ్డ దగ్గర ఈ ఎంజైమ్ అసలు లేదు. అందుకే గర్భిణులు రోజుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దని చాలా దేశాల డాక్టర్లు చెప్తారు, 300 దాటి తాగేవాళ్ళు తగ్గించుకోవాలని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది. లెక్క కోసం, ఇన్‌స్టంట్ కాఫీ కప్పులో సుమారు 60, టీలో 30 నుంచి 50 అనుకోండి. ఎనర్జీ డ్రింక్ అయితే అంచనా అక్కర్లేదు, క్యాన్ వెనకాల రాసే ఉంటుంది.

బిడ్డ పుట్టాక కూడా ఈ ఎంజైమ్ రావడానికి నెలలు పడుతుంది. అప్పుడే పుట్టిన పిల్లల్లో కెఫీన్ హాఫ్ లైఫ్ గంటలు కాదు, రోజులు. 80 నుంచి 100 గంటలు. వాళ్ళు మాత్రం పెద్దవాళ్ళలా కాదు, చాలావరకు కెఫీన్‌ని కెఫీన్‌గానే యూరిన్‌లో వదుల్తారు. దీన్నే డాక్టర్లు మంచికి వాడతారు, ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఊపిరి తీయడం మధ్యలో మర్చిపోతుంటారు. వాళ్ళకి ఎన్ఐసీయూలో ఇచ్చే మందు కెఫీన్ సిట్రేట్. మొదటి డోసు కిలోకి 20 మిల్లీగ్రాములు, అందులో సగం అసలు కెఫీన్. అదే లెక్కన 70 కిలోల మనిషికి వేస్తే 700 మిల్లీగ్రాములు, అంటే ఒకేసారి ఏడు గట్టి కాఫీలు! తర్వాత రోజుకి ఒక్కసారి చిన్న డోసు ఇస్తే సరిపోతుంది, ఎందుకంటే ముందు రోజుది ఇంకా పోలేదు. నన్ను క్యాజువాలిటీకి పంపిన పదార్థమే, అదే నెమ్మదితనం వల్ల, ఒకటిన్నర కిలోల బిడ్డకి ఊపిరి గుర్తుచేస్తోంది.

కాఫీ చాలు. ఆల్కలాయిడ్ ఒంట్లోకి వెళ్ళడానికి నోరు ఒక్కటే దారి కాదు. మాది ఒంగోలు వైపు. మా చుట్టుపక్కల పొగాకు చేలు, బ్యారన్‌లు చూసే పెరిగాం. మంచు తడి ఆరకుండా పచ్చాకు కోసి చంకలో పెట్టుకుని మోసుకొచ్చిన కూలీలకి ఆ రోజు తల తిరుగుడు, వాంతులు ఉండేవి. పైత్యం చేసిందనో, ఎండదెబ్బ అనో మజ్జిగ తాగి పడుకునేవాళ్ళు. దీనికి మెడికల్‌గా పేరే ఉంది, గ్రీన్ టొబాకో సిక్‌నెస్. ఆకు మీది తడిలో నికోటిన్ కరిగి, చర్మంలోంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఈ దారిలో లివర్ టోల్ గేట్ ముందు తగలదు. ఒక్క సిగరెట్ కాల్చని ఆడకూలి ఒంట్లో నికోటిన్! తడి ఆరాక కోయడం, చేతులకి గ్లౌజులు, నిండు చొక్కా, పని అవ్వగానే సబ్బుతో కడుక్కోవడం, వీటితో చాలావరకు తగ్గుతుంది. మా ఊళ్ళో అప్పుడు ఈ మాట చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

ఖైనీలో సున్నం ఎందుకు కలుపుతారో ఎప్పుడైనా ఆలోచించారా? నికోటిన్ క్షార గుణం ఉన్నది. పుల్లటి చోట అది చార్జ్ ఎక్కి కూర్చుంటుంది, చార్జ్ ఉన్నది కొవ్వు పొర దాటలేదు. సున్నం వేస్తే చార్జ్ పోతుంది, బుగ్గ లోపలి పొరలోంచి సర్రున రక్తంలోకి వెళ్తుంది. కెమిస్ట్రీ చదవకుండానే మనవాళ్ళు కనిపెట్టారు. మెచ్చుకోవాల్సిన తెలివే, కానీ అలా బుగ్గన పెట్టుకున్నది నోటి క్యాన్సర్ తెస్తుంది. వక్క కూడా, పొగాకు లేకపోయినా, క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది.

ఈ చార్జ్ ముక్క ఎంత తేడా చేస్తుందో ఉమ్మెత్తలో చూడాలి. ఉమ్మెత్తలోని స్కోపొలమిన్, అట్రోపిన్ మెదడు గోడ దాటగలవు. అందుకే ఉమ్మెత్త గింజలు తిన్నవాడు లేనివాళ్ళతో మాట్లాడతాడు, కంటిపాపలు పెద్దవవుతాయి, నోరు ఎండిపోతుంది, గుండె పరిగెడుతుంది. పైగా అది పేగుల కదలికని ఆపేస్తుంది, కాబట్టి మిగిలిన గింజలు లోపలే నెమ్మదిగా ఊరుతూ ఒక్కోసారి రెండు రోజుల దాకా మనిషిని వదలదు. ఒక కాయకీ ఇంకో కాయకీ మోతాదు ఒకేలా ఉండదు. రీల్స్‌లో చూసి "ట్రై" చేసేవాళ్ళకి చెప్తున్నా, ఇందులో సేఫ్ కొలత అని ఏదీ లేదు. ఇప్పుడు అదే స్కోపొలమిన్‌కి కెమిస్టులు ఒక చిన్న తోక తగిలించి, ఎప్పటికీ చార్జ్ పోకుండా చేశారు. దాంతో అది మెదడులోకి దాదాపుగా వెళ్ళలేదు, పేగు దగ్గరే ఉండి నొప్పి పట్టుని వదిలిస్తుంది. కడుపునొప్పికి మెడికల్ షాపులో దొరికే బస్కోపాన్ అదే. ఇక అట్రోపిన్ సంగతి, పురుగుమందు విషం ఎక్కినవాళ్ళని మన గవర్నమెంట్ హాస్పిటళ్ళలో బతికించేది చాలాసార్లు ఆ ఇంజెక్షనే. ఎంత ఇవ్వాలో ఊపిరితిత్తుల శబ్దం, గుండె వేగం చూస్తూ నిమిషాల లెక్కన పెంచుతారు.

చివరిగా కోడీన్. ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం ఇదే. దగ్గు సిరప్‌ల్లో ఈ పేరు విని ఉంటారు. ఇప్పటిదాకా లివర్ మార్చడం అంటే బలం తగ్గించడం అనుకున్నాం కదా. కోడీన్‌లో తలకిందులు. కోడీన్‌కి సొంతంగా నొప్పి తగ్గించే బలం చాలా తక్కువ, లివర్ దానిలో కొద్ది భాగాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది, పనిచేసేది ఆ మార్ఫిన్. మార్చే ఎంజైమ్ సిప్-2డీ6. కొంతమందికి పుట్టుకతోనే ఇది పనిచేయదు, యూరప్‌వాళ్ళలో నూటికి 5 నుంచి 10 మంది ఇలా ఉంటారు. వాళ్ళకి ఎంత కోడీన్ ఇచ్చినా నొప్పి తగ్గదు, "ఈ పేషెంట్ నటిస్తున్నాడు" అనిపిస్తుంది. ఇంకొంతమందికి ఈ జీన్ కాపీలు ఎక్కువ ఉంటాయి. వాళ్ళలో మామూలు డోసే త్వరగా, ఎక్కువగా మార్ఫిన్ అయిపోతుంది. మార్ఫిన్ ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. టాన్సిల్స్ ఆపరేషన్ అయ్యి ఇంటికెళ్ళిన పిల్లలు, డాక్టర్ రాసిన కరెక్ట్ డోసే తీసుకుని, నిద్రలో చనిపోయిన కేసులు బయటపడ్డాయి. 2013లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద తన అతి గట్టి హెచ్చరిక పెట్టింది, 2017లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి కోడీన్ ఇవ్వొద్దని తేల్చేసింది.

ఆ తల్లిదండ్రులు ఏ తప్పూ చేయలేదు. సీసా మీద రాసినట్టే చెంచాతో కొలిచి పోశారు. అందుకే "మా పెద్దబ్బాయికి పనిచేసింది, మీవాడికీ వేయండి" అని సగం సీసా పక్కింటికి ఇచ్చే అలవాటు ఉంది చూశారా, దాని గురించి నాకు భయం. పెద్దబ్బాయి లివర్ వేరు, పక్కింటి పిల్లాడి లివర్ వేరు.

కామెంట్స్‌లో ప్రతిసారీ ఒకటి వస్తుంది, "అన్నా, కెమికల్స్ వద్దు, నేచురల్‌గా మొక్కల నుంచి వచ్చింది వాడితే ఏ ప్రాబ్లం ఉండదు" అని. తమ్ముడూ, ఇందాకటి నుంచి మనం మాట్లాడినవన్నీ మొక్కల నుంచి వచ్చినవే. పసుపు క్యాప్సూల్ డబ్బా మీద "విత్ పైపరిన్" అని ఉంటుంది, చూడండి. కర్క్యుమిన్‌ని పేగు, లివర్ వెంటనే మార్చి తోసేస్తాయి, మిరియాల పైపరిన్ ఆ మార్చే పనికి అడ్డుపడుతుంది. రసంలో వేసుకునే మిరియాలకి భయపడక్కర్లేదు. కానీ క్యాప్సూల్‌లో గట్టిగా కూర్చిన పైపరిన్, కర్క్యుమిన్‌కి అడ్డుపడినట్టే మీ నాన్నగారి మందులకీ అడ్డుపడొచ్చు, అది దేన్ని ఆపాలో అడిగి ఆపదు.

డాక్టర్ "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే మనం టాబ్లెట్ల పేర్లే చెప్తాం. కాఫీ లెక్క, సిగరెట్ ఈమధ్యే మానేసిన సంగతి, ఇంట్లో కాచుకునే కషాయం, జిమ్ ట్రైనర్ ఇచ్చిన ప్రీ-వర్కవుట్ పొడి, గర్భనిరోధక మాత్ర, ఇవేవీ చెప్పం. అవి మందులని మనకి అనిపించదు కాబట్టి. నేను ఫోన్లో నోట్స్‌లో ఒక పేజీ పెట్టుకున్నా, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. డాక్టర్ దగ్గర కూర్చోగానే ఓపెన్ చేసి చూపిస్తా. పోయిన నెల నాన్నకి యాంటీబయాటిక్ రాస్తూ డాక్టర్ గారు ఆ పేజీ చూసి, ఒక లైను దగ్గర ఆగి, రాసింది కొట్టేసి వేరేది రాశారు. ఆ లైన్‌లో ఉన్నది నాన్న ఆస్తమా టాబ్లెట్, థియోఫిలిన్. పైన చెప్పా కదా, కెఫీన్‌కి తమ్ముడి వరస, అదే ఎంజైమ్.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే కింద రాయండి, మందు పేరు ఉంటే చాలు, మనిషి పేరు వద్దు. ఉంటా మరి.